బొండకొయ్యకు పసుపు

నేను ఒక బొండకొయ్యను. ఈ తరం వాళ్లకు ఆ మాట తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. రెండు నల్లమద్ది మొద్దులు, ఒకదాని మీద ఒకటి. కింది మొద్దులో రెండు అరవంపు గుంటలు, పై మొద్దులో వాటికి సరిపోయే మరో రెండు. ఒక కొసన ఇనుప బందు, రెండో కొసన గొళ్లెం, తాళం. మనిషిని నేల మీద కూర్చోబెట్టి, కాళ్లు గుంటల్లో పెట్టించి, పై మొద్దు దించి తాళం వేస్తే ఇక ఆ మనిషి ఎటూ పోడు. ఇంతే నా పని. ఇందులో మోసం లేదు, మాయ లేదు. నాకంటే తెలివైన యంత్రాలు లోకంలో చాలా ఉన్నాయి గానీ నా అంత నిజాయతీ ఉన్నవి తక్కువ.

ఇప్పుడు నన్ను చూడాలంటే మీరు చెప్పులు విడిచి రావాలి. ఇప్పలగట్టు గడిలో, అంటే దొరల కోటలాంటి ఇంట్లో, సున్నం కొట్టిన మంటపం కింద ఉంటాను. ఒళ్లంతా పసుపు, మీద కుంకుమ బొట్లు, గుంటల అంచులకు వెండి రేకు. ఏటా భాద్రపదంలో విడుపు పండుగ వస్తుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినందుకు, ఊరికి విడుదల దొరికినందుకు కృతజ్ఞత చెప్పుకొనే పండుగ అది. ఆ రోజు ఊరు ఊరంతా వరసలో నిలబడి, ఒకరి తరువాత ఒకరు నాలో కాళ్లు పెట్టి మొక్కుకుంటారు. కాళ్లు పెడితే కీళ్ల నొప్పులు పోతాయట, కోర్టు కేసులు తేలిపోతాయట, నడక రాని పిల్లలకు నడక వస్తుందట. వీళ్ల తాతలు బతికి ఉంటే నాలో కాళ్లు పెడితే ఏమొస్తుందో ఇంకోలా చెప్పేవాళ్లు. మనుషుల జ్ఞాపకశక్తి మీద నాకు మొదటి నుంచీ పెద్ద గౌరవం లేదు.

ఈ పండుగ ఎలా పుట్టిందో చెబుతాను, వినండి.

నన్ను చేసింది వడ్ల రాజలింగం. గడికి చేసే పని కాబట్టి వెట్టి పనే, కూలి అడిగే ప్రసక్తి లేదు. అయినా మంచి పనివాడు. కొలత కోసం తన చీలమండల చుట్టూ తాడు చుట్టి చూసుకున్నాడు. అంచులు ఎవరికీ గీరుకోకూడదని చిత్రిక పట్టి నున్నగా చేశాడు. ముకుందరావు దొర వచ్చి వేలితో తడిమి చూసి, "పెండ్లిపీట చేసినవేందిరా?" అని నవ్వి, ఆ అంచులన్నీ మళ్లీ గరుకు చేయించాడు. తరువాత, "సరిపోతదో లేదో సూద్దాం, కూసో" అన్నాడు. రాజలింగం కూర్చున్నాడు. దొర తాళం వేసి భోజనానికి వెళ్లాడు. భోంచేసి పడుకున్నాడు. లేచి మరిచిపోయాడు. దీపాలు పెట్టే వేళకు గడి దాసి ఒకామె గుర్తు చేస్తే వచ్చి తీయించాడు. రాజలింగం లేవలేక లేచి దొర కాళ్లకు మొక్కి, "మంచిగ సరిపోయింది దొరా" అన్నాడు.

ఆ తరువాత నాకు పని కరువు లేదు. గడి ముందు నుంచి చెప్పులతో నడిచినవాడు, తలపాగా తీయడం మరిచినవాడు, దొర నిద్రపోతుండగా గోడ పక్కన దగ్గినవాడు, అందరూ నా దగ్గరికే వచ్చారు. ఒక తమాషా చెప్పాలి. నాలో ఇరుక్కున్నవాణ్ణి చూసి బయట నిలబడ్డవాళ్లు నవ్వేవాళ్లు. దొర చూస్తుండగా నవ్వకపోతే తమ వంతు వస్తుందని భయం. నవ్వినా వచ్చేది, అది వేరే సంగతి. చీలమండలన్నీ నాకు ఒకటే. ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో, తోలు ఎక్కడ ముందు చిట్లుతుందో నాకు బాగా తెలుసు. నాకు తెలిసింది చీలమండల దాకే. గుండెల సంగతీ, నోళ్ల సంగతీ నాకు తెలియదు.

ఓదెలు గడికి సుంకరి. కబుర్లు మోయడం, మూటలు మోయడం, దొర కచ్చడం బండి కట్టించి బయలుదేరితే ఎద్దుల ముందు పరిగెత్తుతూ దారిలో జనాన్ని తప్పించడం అతని పని. ఊళ్లో అతని అంత వేగంగా పరిగెత్తే కాళ్లు లేవు. ఒకసారి దొర చుట్టాలను తీసుకురావడానికి రైలు స్టేషనుకు వెళ్లి, అక్కడ ఒక మాట విని వచ్చాడు. నిజాం ముల్కు అవతల స్వరాజ్యం వచ్చి ఏడాది అయిందనీ, దానికి పండుగ కూడా చేస్తున్నారనీ. అది విని నోరు మూసుకొని కూర్చుంటే సరిపోయేది. శ్రావణమాసం, గడి అరుగు మీద దొర చుట్టాలతో పేకాడుతున్నాడు. ఓదెలు చేతులు కట్టుకొని నిలబడి అడిగేశాడు.

"దొరా, అవతల స్వరాజ్యం వచ్చిందట గద. మన దిక్కెప్పుడొస్తది దొరా?"

వాన ఎప్పుడొస్తుందని అడిగినట్టే అడిగాడు పాపం. అరుగు మీద పేక ముక్కలు ఆగిపోయాయి. రజాకార్లకు భోజనాలు పెడుతున్న గడి అది. దొరకు కోపం వచ్చి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. కానీ దొరకు ఆ వేళ నవ్వొచ్చింది. దొరల కోపం కంటే నవ్వు పాడుది.

"వస్తదిరా ఓదెలూ, తప్పక వస్తది. నువ్వు ఈ బొండకొయ్యల కూసోని ఎదురుసూడు. అది వచ్చిన్నాడు నేనే నా చేతులతోని తాళం తీస్త."

అందరికంటే ఎక్కువ నవ్వింది పక్కన కూర్చున్న పట్వారీ.

మొదట్లో పొద్దున పూట బర్లకు నీళ్లు పెట్టడానికి ఓదెలును వదిలేవాళ్లు. తరువాత కాళ్లు వాచి, పనికి రాడని అదీ మానేశారు. అతని భార్య సాయవ్వ రోజూ జొన్న గట్క తెచ్చి తినిపించేది. పుండ్ల మీద ఆకు పసరు పిండేది, కొంగుతో ఈగలు తోలేది. చిన్నగా ఉన్నా నోరున్న మనిషి.

"నీకెందుకయ్యా స్వరాజ్యం?" అని ఒకరోజు ఏడుస్తూ అడిగింది.

"నాకెందుకే. వస్తదంటే సూడబుద్ధయింది" అన్నాడు ఓదెలు.

ఆమె గట్క ముంత కింద పెట్టి అటూ ఇటూ చూసింది. తరువాత గొంతు తగ్గించి అంది. "ఒక మాటియ్యి. వాడు తాళం తీసిన్నాడు నువ్వు వానికి మొక్కద్దు. ఎనకకు మర్లి సూడకుండ నా దిక్కు నడిచి రావాలె. మొక్కితే నా మీద ఒట్టు."

"ఎందుకు మొక్కుతనే" అన్నాడు ఓదెలు. అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చీలమండల్లో అప్పటికే పురుగులు పడ్డాయి. నా గుంటల్లో ఉన్నవి కాబట్టి నాకు తెలుసు.

భాద్రపదంలో ఇండియన్ యూనియన్ మిలిటరీ వచ్చింది. ముందురోజు దాకా గడిలో పులావు తిన్న రజాకార్లు ఏ దారిన పోయారో పోయారు. ఏ ఎండకా గొడుగు పట్టడం దొరలకు పుట్టుకతో వచ్చే విద్య. ముకుందరావు దొర నెత్తి మీది రూమీ టోపీ పోయి ఖద్దరు టోపీ వచ్చింది. దొరసాని పెట్టెలోని చీరలు చించి మూడు రంగుల జెండా కుట్టారు. ఇక మిగిలింది నేను, నాలో ఓదెలు. మమ్మల్నిద్దరినీ గడ్డివాము వెనక్కి లాగెయ్యమని దొర నౌకర్లను కేకేశాడు. నౌకర్లందరూ మిలిటరీ బండ్లు చూడటానికి వీధిలోకి పరిగెత్తారు. ముకుందరావు దొర పిలిస్తే ఎవరూ పలకకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

చేసేది లేక దొరే మోకాళ్ల మీద కూర్చొని తాళం తిప్పసాగాడు. సరిగ్గా అప్పుడే మిలిటరీ అధికారి గేటు దాటి లోపలికి వచ్చాడు. వెనక ఊరి జనం. జనం ముందు సాయవ్వ.

తాళం ఊడింది. పై మొద్దు లేచింది, దొర కూడా లేచి నిలబడ్డాడు. ఓదెలు చేతులు ఊని లేచాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు కూడా. గేటు దగ్గర ఉన్న భార్యను చూశాడు, ఆమె వైపు తిరిగాడు. అంతే, కాళ్లు మడతపడ్డాయి. కూలిపోయి దొర బూట్ల మీద పడ్డాడు. పడగానే అతని నోటి నుంచి మాట వచ్చింది.

"నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త. నీ దయ."

ఆ అధికారికి తెలుగు రాదు. ఈయన ఏమంటున్నాడని హిందీలో అడిగాడు. పట్వారీ ఒక అడుగు ముందుకు వేసి చెప్పాడు. రజాకార్లు ఈ అమాయకుణ్ణి బంధించి పోయారనీ, దొరవారు తమ చేతులతో విడిపించారనీ, అందుకు కృతజ్ఞత చెప్పుకొంటున్నాడనీ. అధికారి కళ్లు చెమర్చాయి. దొర చెయ్యి పట్టుకొని ఊపాడు. ఎవరో బెల్లం పంచారు. ఇచ్చిన మాట ప్రకారం స్వరాజ్యం వచ్చిన రోజున దొర స్వయంగా తాళం తీశాడు, కాదనడానికి లేదు.

ఓదెలు ఎన్నాళ్లో బతకలేదు. కాళ్ల విషం పైకెక్కింది. పోయే ముందు సాయవ్వ అతన్ని అడిగిందట. ఈ సంగతి ఆమె తరువాత నా దగ్గర కూర్చొని, నన్ను కాళ్లతో తన్నుతూ తనలో తాను చెప్పుకొంటే విన్నాను. "కాళ్లల్ల బలం లేక పడ్డవు, అది నాకెరుకే. నోరెందుకన్నదయ్యా?" ఓదెలు ఆమె వైపు చూశాడట, పెదవులు కదిపాడట. మాట రాలేదు. ఆ ప్రశ్న ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఏడాది తిరిగింది. ముకుందరావు దొర అప్పటికి పార్టీ నాయకుడు. ఊరికి విడుదల దొరికిన రోజును కృతజ్ఞతతో పండుగ చేసుకోవాలని చాటింపు వేయించాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఓదెలు ఎంత మంచివాడో ఎంత నమ్మకస్థుడో దొరే చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. విందుకు యాటపోతులు కోయించాడు. నన్ను గడ్డివాము వెనక నుంచి తెప్పించి కడిగించి పసుపు పూయించాడు. ఓదెలు వేషం వేసి నాలో కూర్చోవడానికి అతని తమ్ముడు గట్టయ్య ముందుకు వచ్చాడు. దొర తాళం తీశాడు. గట్టయ్య పడ్డాడు, మొక్కాడు, "నీ బాంచెన్ దొరా, నీ దయ" అన్నాడు. అన్నకంటే బాగానే అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు సాయవ్వ లేచి నిలబడింది.

"మా ఆయన మొక్కలె. కాళ్లు నిలవలె, పడ్డడు."

మొక్కలేదన్న మాటకు జనం ఉలిక్కిపడ్డారు. దొర ముఖం మాడింది. ఒక్క నిమిషం ఏమైనా జరిగేలాగే ఉంది. కానీ గట్టయ్య నా మీద కూర్చొని మోకాళ్లు దులుపుకొంటూ అన్నాడు. "పడ్డడు వదినే, సరే. మరి నోరెందుకన్నది?"

సాయవ్వ నోరు తెరిచింది. జవాబు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ ప్రశ్నను తానే మొగుణ్ణి అడిగి జవాబు రాక మిగిలిపోయిన మనిషి. జనం ఆమెను కాసేపు చూసి, ఆకలవుతోందని లేచిపోయారు. మాంసం బాగా ఉడికిందని తరువాత చెప్పుకున్నారు.

సాయవ్వ మొండిది. మరుసటి ఏడూ వచ్చింది. అదే మాట అంది. గట్టయ్య అదే ప్రశ్న అడిగాడు. ఆపై ఏడూ అంతే. కొన్నాళ్లకు ఎవరికీ కోపం రావడం మానేసింది. మరికొన్నాళ్లకు ఆమె మాట పండుగలో ఒక ముచ్చట అయింది. తాళం తీయగానే జనం ఆమె వైపు తిరిగేవాళ్లు. "అవ్వా, అను" అని పిల్లలు ఎగదోసేవాళ్లు. ఆమె "మొక్కలె, పడ్డడు" అనేది. ఊరంతా ఒక్క గొంతుతో "మరి నోరెందుకన్నది?" అని పకపకా నవ్వేది. మొదటి విడుదల పొందిన కుటుంబమని ఆమెకు ఏటా ఒక చీర పెట్టేవాళ్లు. తీసుకునేది. కట్టుకోవాలి కదా. ఊరికి ఆమె అంటే ప్రేమే. ఒక ఏడు జ్వరం వచ్చి రాకపోతే మంచంతో సహా మోసుకొచ్చారు, అనిపించారు, నవ్వారు, మళ్లీ జాగ్రత్తగా దింపి వచ్చారు.

నేను మనుషులను బంధించిన రోజుల్లో కూడా ఇంత చక్కని ఏర్పాటు చూడలేదు. నాకు తాళం కావాలి. వీళ్లకు అదీ అక్కర్లేకపోయింది.

ఆమె ఎందుకు వచ్చేదో ఊరికి అర్థం కాలేదు, నాకు కొంత అర్థమయ్యేది. పండుగ అయ్యాక అందరూ భోజనాల బంతికి పోతే, ఆమె నా పక్కన కూర్చొని గుంటల్లోకి చూసేది. "మాటిచ్చినవు గదయ్యా. నెత్తి మీద చెయ్యి పెట్టినవు గదయ్యా" అనేది. దొర మీద కోపం ఆమెకు పాతబడింది. మొగుడి నోటి మీద కోపం మాత్రం పాతబడలేదు. లోపల ఎక్కడో నిజంగానే మొక్కాడా, తన మీద ఒట్టు పెట్టుకొని కూడా మొక్కాడా అన్నదే ఆమె బాధ.

ముకుందరావు దొర సమితి అధ్యక్షుడై, ఆపైన ముసలివాడై పోయాడు. గట్టయ్య పోయాడు. దొర మనవడు అనిరుధ్‌రావు పట్నం నుంచి వచ్చి గడికి సున్నం కొట్టించి, నాకు మంటపం కట్టించి, వెండి రేకు తొడిగించాడు. అతనికి అసెంబ్లీ టికెట్టు కావాలి. ఆ ఏడు పండుగకు మంత్రిని పిలిచాడు. కెమెరాలు వచ్చాయి. సాయవ్వకు అప్పటికి నడుము వంగింది, చూపు మందగించింది. వేదిక మీదికి ఎక్కించి చేతికి మైకు ఇచ్చారు. ఆమె అనాల్సిన మాట అంది. జనం అడగాల్సిన ప్రశ్న అడిగి నవ్వారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి.

"చిన్నదొరా" అంది సాయవ్వ, మైకు వదలకుండా. "మీరొక్కపాలి ఈ బొండకొయ్యల కూసోన్రి. నేను తాళమేస్త, నేనే తీస్త. నడిచి సూపెట్టున్రి. అందరు సూడనియ్యి, కాళ్లు ఎట్లైతయో."

కెమెరాలు ఆమె మీద నుంచి అతని మీదికి తిరిగాయి. అనిరుధ్‌రావు కెమెరాల వైపు చూశాడు. తాతలా అతనూ తెలివైనవాడే. "మా ఊరి అవ్వ మాట. కాదంటనా?" అని నవ్వి, ప్యాంటు మడిచి, నాలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. సాయవ్వ పై మొద్దు దింపింది, తాళం వేసింది. తాళంచెవి కొంగుకు ముడి వేసుకొని పక్కన కూర్చుంది.

ఆ చీలమండలు మెత్తనివి, సబ్బు వాసన వేసేవి. వెండి రేకు నున్నగా ఉన్నా బరువు నా బరువే. ఐదు నిమిషాల్లో తీసేవాళ్లే. కానీ మంత్రిగారు దారిలో ఉన్నారనీ, ఈ దృశ్యం ఆయన చూస్తే బాగుంటుందనీ ఎవరో పెద్దమనిషి అన్నాడు. అనిరుధ్‌రావుకూ అది నచ్చింది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యం గురించి ఒకరు, త్యాగం గురించి ఒకరు, కృతజ్ఞత గురించి ఇద్దరు మాట్లాడారు. ఎండెక్కింది. మంత్రిగారు రాలేదు. అనిరుధ్‌రావు నవ్వు ముందు బిగుసుకుంది, తరువాత పోయింది. అతని పిక్కలు వణకడం, ఆ వణుకు కూడా ఆగిపోయి కాళ్లు కొయ్యబారడం నాకు తెలుస్తూనే ఉంది. చివరకు మంత్రిగారు వేరే ఊరికి వెళ్లిపోయారని కబురొచ్చింది.

సాయవ్వ కొంగు ముడి విప్పి తాళం తీసింది. లేచి, అతనికి ఎదురుగా నిలబడింది.

అనిరుధ్‌రావు చేతులు ఊని లేచాడు. ఒక్క అడుగు వేయబోయాడు. వేయలేక ముందుకు కూలి సాయవ్వ కాళ్ల మీద పడ్డాడు, నుదురు ఆమె వేళ్లకు తగిలేలా.

"సూసిన్రా! మొక్కలె! పడ్డడు! సూసిన్రా!" అని అరిచింది సాయవ్వ. ఇన్నేళ్లలో ఆ గొంతు అంత గట్టిగా లేవలేదు. ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. "దొర బిడ్డ పేదవ్వకు కాళ్లు మొక్కిండు" అని ఒక ఆడమనిషి ఏడ్చేసింది. కెమెరాల వాళ్లు ఒకరినొకరు తోసుకున్నారు. మైకు పట్టుకున్నవాడు ఇదే అసలైన కృతజ్ఞత అని ప్రకటించాడు. కింద పడ్డ అనిరుధ్‌రావుకు సంగతి అర్థమై, లేవగలిగి కూడా లేవలేదు.

తరువాత చప్పట్లు తగ్గాయి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, మైకు పట్టుకున్నవాడు దాన్ని ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఒకరు కాళ్ల మీద పడితే పెద్దవాళ్లు ఏం చేయాలో ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. సాయవ్వ పళ్లు బిగించుకొని నిలబడింది. ఆమె చూపులో దీవెన లేదు, నేను చూశాను. ఆమె చెయ్యి మాత్రం లేచింది. వంగి అతని నెత్తి మీద పడింది. నోరు తెరుచుకుంది.

"సల్లగుండు దొరా. నీ కడుపు సల్లగుండ."

ఆ మాట మైకులో ఊరంతా వినపడింది. సాయవ్వకు కూడా వినపడింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చేత్తోనే నోరు మూసుకొని, నా మీద కూలబడింది. ఊరి ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఆమె కూడా పెళ్లయిన నాటి నుంచి పలకలేదు. ఆ రోజు పలికింది.

"ఓదెలూ," అంది, గుంటల్లోకి వంగి. "నీకు గూడ గిట్లనే అయిందా అయ్యా?"

అంటూ గుంట అంచును చేత్తో నిమురుతూ, ఏడ్చి ఏడ్చి అలసిపోయేదాకా ఏడ్చింది. నేను కొయ్యను, నాకు చేతులు లేవు. అప్పటికే జనం భోజనాల వైపు కదిలారు. ఎవరో వచ్చి, సంతోషంతో ఏడుస్తోందనీ, కాసేపు వదిలెయ్యమనీ అన్నారు.

మరునాడు పేపర్లో బొమ్మ పడింది. అనిరుధ్‌రావుకు టికెట్టు వచ్చింది. ఎండాకాలంలో సాయవ్వ పోయింది. ఆపై పండుగకు ఆమె మాట అనడానికి గట్టయ్య మనవరాలిని నిలబెట్టారు. పిల్ల గొంతు బాగుంది, "మొక్కలె, పడ్డడు" అని బాగా అంది, జనం బాగా నవ్వారు. ఇప్పుడు పండుగలో దొర మనవడు పడటం, అవ్వ వేషం కట్టిన మనిషి దీవించడం కూడా చేర్చారు. దీవెన అయిపోగానే బాజాలు మోగుతాయి, వరసలో నిలబడ్డవాళ్లు చెప్పులు విడిచి, నాలో కాళ్లు పెట్టడానికి ఒకరినొకరు తోసుకుంటారు.